మొన్నటిదాకా స్కోరర్

సాయంత్రం ఆరున్నర దాటాక సైనిక్‌పురి చౌరస్తాలో ఏ బేకరీ ముందు నిలబడినా ఒక ఆరడుగుల కుర్రాడు కనిపిస్తాడు. చేతుల్లేని జెర్సీ, భుజాన బూట్ల సంచి, మోచేతికి నల్ల స్లీవు, చేతిలో ఎగ్ పఫ్. పఫ్ తింటూనే మధ్యమధ్య రెండో చేతి మణికట్టు విదిలిస్తుంటాడు. ఎదురుగా రింగు లేదు, చేతిలో బంతి లేదు. వీధిదీపం ఒక్కటే ఉంది. దాని అంచుకు గురిచూసి వదిలిన ఆ షాటు పడిందో లేదో అతని మొహంలో తెలిసిపోతుంది. ఎప్పుడూ పడుతుంది.

ఇతను కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు. పోయిన ఏడాది వరకు జట్టు స్కోరర్. ఈ ఏడాది నుంచి ‘జట్టుకి చాలా ముఖ్యమైనవాడు’. ఈ రెండో బిరుదు కోచ్ సార్ ఇచ్చారు. ఆ బిరుదు వచ్చిన రాత్రి నుంచే మనవాడికి నిద్ర తగ్గింది. ఎందుకంటే పాయింట్లు కొట్టేవాణ్ని పక్కకి పిలిచి, భుజం మీద చెయ్యేసి, నువ్వు ముఖ్యమైనవాడివి అని ఎవరూ చెప్పరు. ఆ అవసరం రాదు.

అతని కీర్తి ఇంటర్లో మొదలైంది. హైదరాబాద్‌లో ఇంటర్ కాలేజీ అంటే చాలాచోట్ల ఎలా ఉంటుందో పాఠకులకు తెలుసు. నాలుగంతస్తుల భవనం, సెల్లార్‌లో బైకులు, టెర్రస్ మీద రేకుల షెడ్డులో స్టడీ అవర్. మైదానం ఉంటే గింటే బ్రోచర్‌లోనే. అలాంటి రెండు కాలేజీలు తలపడినప్పుడు, బంతిని కాళ్లకి తగలకుండా మూడుసార్లు నేలకి కొట్టగలిగినవాడే స్కోరర్. మనవాడు చిన్నప్పటి నుంచి కాలనీ కోర్టులో ఆర్మీ అంకుళ్ల పిల్లలతో ఆడినవాడు. పదిసార్లు కొట్టగలడు. జట్టు మొత్తం చేసిన పాయింట్లలో సగం పైన ఇతనివే. మిగతా నలుగురి పని బంతి ఇతనికి అందించి, ఇతను కొట్టాక చప్పట్లు కొట్టడం.

డిగ్రీకి వచ్చాక ఉస్మానియా యూనివర్సిటీ అంతర్ కళాశాలల పోటీల్లో ఎదురుజట్టు వాళ్లకి కూడా బంతి కొట్టడం వచ్చని తెలిసింది. అదొక దెబ్బ. అయినా మొదటి ఏడాది నెట్టుకొచ్చాడు. రెండో ఏడాది ‘చిన్నోడు’ వచ్చాడు.

చిన్నోడు ఫస్టియర్. మనవాడికన్నా నాలుగంగుళాలు పొడుగు. నాన్న సైన్యంలో ఉండటం వల్ల బదిలీకో ఊరు చొప్పున తిరిగి, ఊరికో కోర్టు తొక్కి వచ్చినవాడు. మాట తక్కువ. మొదటి రోజు ప్రాక్టీసుకి మామూలు కాన్వాస్ బూట్లతో వచ్చాడు. అది చూసి మనవాడికి జాలేసింది కూడా. గంట తర్వాత జాలి పడటానికి ఎవరూ మిగల్లేదు, తను తప్ప.

కోచ్ సార్ క్లుప్తంగానే చెప్పారు.

“నువ్విక షాట్లు తగ్గించు. బాల్ తిప్పు, స్క్రీన్ పెట్టు. అవతలోళ్ల ఏడో నంబరు ఉన్నడు చూడు, వాడు నీ బాధ్యత.”

“మరి పాయింట్లు, సార్?”

“అవి చిన్నోడు చూసుకుంటడు తియ్.”

పాత్ర తగ్గిన ఆటగాడికి ముందుగా మోకాలు నొప్పి వస్తుంది. డాక్టరు పట్టి చూసి ఏమీ లేదంటాడు. ఏఎస్ రావు నగర్‌లో మెడికల్ షాపుకెళ్లి నీక్యాప్ కొనుక్కుంటాడు. నీక్యాప్ ఉంటే అడిగినవాళ్లకి సమాధానం అదే చెప్పేస్తుంది. తర్వాత కొన్నాళ్లు చెవుడు వస్తుంది. సైడ్‌లైన్ మీంచి సార్ “పాస్!” అని అరిచింది ఊళ్లో అందరికీ వినిపిస్తుంది, ఇతనికి తప్ప. ఆ చెవుడు ఒకసారి బెంచి మీద పది నిమిషాలు కూర్చోబెడితే నయమైంది.

ఇంట్లో పరిస్థితి ఇంకా సున్నితం. తల్లి “సరిగ్గా తినట్లేదు, అందుకే బాల్ ఇస్తలేరు” అని తేల్చి ఇంకో రెండు చపాతీలు వేస్తుంది. తండ్రి ఈసీఐఎల్ ఉద్యోగి. 1967లో మొదలైన ఆ సంస్థలో ఎలక్ట్రానిక్ వోటింగ్ యంత్రాలు కూడా తయారవుతాయి, కాబట్టి లెక్క అంటే ఆయనకి పట్టింపు. “పోయినేడు మ్యాచుకి ఇరవై అన్నావ్. ఇప్పుడు ఆరు అంటున్నావ్. మిగతా పద్నాలుగు ఏమైనయ్‌రా?” అని అడుగుతాడు. వాటిని చిన్నోడు పట్టుకుపోయాడని ఏ కొడుకు చెప్పగలడు?

నిజానికి ఆ పద్నాలుగుకి బదులు ఇతను చేసేవి ఎక్కడా రాసి ఉండవు. బాస్కెట్‌బాల్ అధికారిక స్కోరుపత్రం ఒకసారి చూస్తే మనవాడి బాధ అర్థమవుతుంది. అందులో పాయింట్లు రాస్తారు, ఫౌళ్లు రాస్తారు, టైమవుట్లు రాస్తారు. మంచి పాస్ ఇస్తే గడి లేదు. స్క్రీన్ పెడితే, అంటే తోటివాడికి ఖాళీ దొరికేలా అవతలివాడికి అడ్డంగా నిలబడితే, గడి లేదు. ఏడో నంబరుని నలభై నిమిషాలూ నీడలా వెంటాడి ఊపిరాడనివ్వకపోతే దానికీ గడి లేదు. వెంటాడే క్రమంలో మోచెయ్యి తగిలితే మాత్రం పేరు ఎదురుగా చక్కగా ఒక ‘పి’ పడుతుంది, అంటే పర్సనల్ ఫౌల్. ఐదు పడితే బయటికి. నిన్నటిదాకా తన పేరు పక్కన పాయింట్లు చూసుకున్నవాడు ఇప్పుడు ఆ కాగితం ఫోన్లో ఫొటో తీసుకుంటే అందులో ఉన్నవి నాలుగు ‘పి’లు. ఇంట్లో చూపించదగ్గ ఫొటో కాదు.

లెక్క వేసి చూస్తే ఇతను పోగొట్టుకున్నది అంత పెద్ద ఆస్తి కూడా కాదు. మ్యాచ్ నలభై నిమిషాలు. అందులో సుమారు సగం సేపు బంతి అవతలివాళ్ల దగ్గరే ఉంటుంది. మిగిలిన ఇరవై నిమిషాలు ఐదుగురికీ సమానంగా పంచితే తలకి నాలుగు. అంటే ఎంతటివాడైనా ముప్పై ఆరు నిమిషాలు బంతి లేకుండానే పరిగెత్తాలి. స్కోరర్లందరూ ఆ నాలుగు నిమిషాల్ని ఏడో ఎనిమిదో చేసుకున్నవాళ్లే, పక్కవాళ్ల వాటాలోంచి. ఇతని వాటా ఇప్పుడు మూడుకి వచ్చింది. ఆ నాలుగైదు నిమిషాలు తగ్గినందుకే నీక్యాపూ, చెవుడూ, చపాతీలూ.

ఈ ఆట పుట్టిన రోజే ఇలా పుట్టింది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ పీచ్ పళ్ల బుట్టలు బాల్కనీ అంచుకి కొట్టించి ఆడించిన తొలి మ్యాచ్‌లో జట్టుకి తొమ్మిది మంది చొప్పున దిగారు. మొత్తం మీద పడింది ఒకే ఒక్క బాస్కెట్. పద్దెనిమిది మందిలో పదిహేడు మంది సున్నాతో ఇంటికెళ్లారు. వాళ్లెవరూ నీక్యాప్ కొన్నట్టు చరిత్రలో లేదు.

మనవాడు చరిత్ర చదవడని కాదు. చదువుతాడు, తనకి పనికొచ్చేంత. ఆండ్రే ఇగోదాలా పేరు ఎత్తండి, తారీఖులతో సహా చెప్తాడు. ఎన్‌బీఏలో 758 మ్యాచ్‌లు వరసగా మొదటి ఐదుగురిలో ఆడినవాణ్ని 2014లో గోల్డెన్ స్టేట్ జట్టు బెంచి మీద కూర్చోబెట్టింది. సీజన్ అంతా సబ్‌గా వచ్చాడు. 2015 ఫైనల్స్‌లో నాలుగో మ్యాచ్ నుంచి మళ్లీ మొదటి ఐదుగురిలోకి తెచ్చారు. ఫైనల్స్ అత్యుత్తమ ఆటగాడి బహుమతి అతనికే వచ్చింది. ఈ కథ మనవాడు తల్లికి రెండుసార్లు చెప్పాడు. ఆవిడ పూర్తిగా విని “ఆ పిల్లాడు ఏం తింటాడట?” అని అడిగింది.

విల్ట్ చాంబర్లీన్ సంగతి మాత్రం ఇతను ఎవరికీ చెప్పడు. చెప్తే తన గుట్టు బయటపడుతుంది. 1962 మార్చి 2న ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టినవాడు చాంబర్లీన్. ఆ సీజన్ సగటు 50.4. కానీ కప్పు రాలేదు. 1966లో ఫిలడెల్ఫియా జట్టుకి కొత్త కోచ్‌గా వచ్చిన అలెక్స్ హానమ్, షాట్లు తగ్గించి పాసులు ఇవ్వమన్నాడు. సగటు 24.1కి దిగింది. జట్టు 81 మ్యాచ్‌ల్లో 68 గెలిచి 1967లో విజేత అయింది. ఇక్కడితో ఆపితే నీతికథ. అసలు కథ ఆ పై ఏడాదిది. అంత పొడుగు సెంటర్ ఆటగాడు ఆ సీజన్లో 702 అసిస్టులు, అంటే బాస్కెట్‌కి దారితీసిన పాసులు, చేసి లీగ్ మొత్తానికి మొదటివాడయ్యాడు. పాయింట్ల పట్టిక దిగినవాడు అసిస్టుల పట్టిక ఎక్కి కూర్చున్నాడన్నమాట. నాకు ఈ మనిషి మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

ఇలాంటి కథకి అమెరికా దాకా పోనక్కర్లేదు. సైనిక్‌పురి భవన్స్ శ్రీరామకృష్ణ విద్యాలయలో చదువుకున్న అంబటి రాయుడు ఉండనే ఉన్నాడు. క్రికెట్ అనుకోండి, అయినా వీధి మనదే. 2018 ఐపీఎల్‌లో చెన్నై తరఫున 602 పరుగులు. 2019 ప్రపంచకప్‌కి నాలుగో స్థానం తనదే అనుకుంటుండగా జట్టులో పేరు రాలేదు. చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్, మన గుంటూరు ఆయనే, విజయ్ శంకర్‌ని తీసుకోవడానికి కారణం చెబుతూ అతనిలో మూడు కోణాలున్నాయన్నారు. ప్రపంచకప్ చూడ్డానికి కొత్త త్రీడీ కళ్లజోడు ఆర్డర్ చేశానని రాయుడు ట్వీట్ పెట్టాడు. జులైలో రిటైరయ్యాడు, ఆగస్టులో రిటైర్మెంట్ వెనక్కి తీసుకున్నాడు. 2023లో చెన్నై అతన్ని చాలా మ్యాచ్‌ల్లో ఇంపాక్ట్ ప్లేయర్‌గా, అంటే మధ్యలో ఇంకొకరి బదులు దించే ఆటగాడిగా, వాడింది. సీజన్ మొత్తం మీద 158 పరుగులే. అహ్మదాబాద్ ఫైనల్‌లో, తన చివరి ఐపీఎల్ మ్యాచ్‌లో, ఎనిమిది బంతులాడి 19 కొట్టాడు. చెన్నై గెలిచింది. కప్పు అందుకోవడానికి ధోనీ అతన్నీ జడేజానీ ముందుకి పిలిచాడు.

మనవాడు త్రీడీ కళ్లజోడు దాకా రాయుణ్ని అనుసరించాడు. వాట్సాప్ స్టేటస్‌లో “కొందరు ఆడతారు, కొందర్ని ఆడిస్తారు” లాంటివి మూడు వారాలు నడిచాయి. జట్టు గ్రూపులో ఎవరూ పట్టించుకోలేదు. చిన్నోడు ఒక్కడు అమాయకంగా బొటనవేలు గుర్తు పెట్టాడు. దాంతో స్టేటస్‌లు ఆగాయి.

అసలు ఇలాంటి బాధ పడటానికి సైనిక్‌పురికి మించిన చోటు లేదు. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ల కోసం ఏర్పడిన కాలనీ ఇది. పక్కనే వాయుపురి, అటు నేరేడ్‌మెట్, యాప్రాల్. గేటు మీద పేరుకి ముందు హోదా, వెనక బ్రాకెట్లో రిటైర్డ్ అని ఉన్న పలకలు వరసగా కనిపిస్తాయి. ఒకప్పుడు ఎనిమిది వందల మంది బెటాలియన్‌ని నడిపిన కర్నల్ గారు ఇప్పుడు కాలనీ సంక్షేమ సంఘంలో చెత్తబండి వేళలు చూస్తుంటారు. చూడటమంటే మామూలుగా కాదు. బండి ఏడుంబావుకి రావాల్సింది ఏడున్నరకొస్తే డైరీలో ఎక్కుతుంది. పాత్ర తగ్గినా పద్దు తగ్గకుండా చూసుకోవడం ఆయన్ని చూసి నేర్చుకోవాలి. మనవాడు నేర్చుకున్నాడు కూడా. ఒక సాయంత్రం కర్నల్ గారు ఆపి ఎన్ని పాయింట్లని అడిగారు. ఆరన్నాడు. “మరి వాళ్ల మెయిన్ షూటర్ ఎంత కొట్టాడు?” అన్నారు. “ఎనిమిది అంకుల్. మామూలుగా పాతిక కొడతాడు.” కర్నల్ గారు చెత్తబండి డైరీలోంచి ఒక కాగితం చింపిచ్చి, “రాసి పెట్టుకో” అన్నారు.

ఆ కాగితంతో మనవాడి జబ్బు కుదిరింది. కుదిరిందంటే వినయం వచ్చిందని కాదు. ఇప్పుడు అతని సంచిలో రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్ ఉంది. తను పట్టుకున్న ఆటగాడు వేసిన షాట్లు, తప్పినవి, తన చెయ్యి తగిలి దారి మళ్లిన బంతులు, తన స్క్రీన్ వల్ల చిన్నోడికి దొరికిన ఖాళీలు అన్నీ అందులో గళ్లు గీసి ఉంటాయి. రాయడానికి ఒక ఫస్టియర్ కుర్రాణ్ని పెట్టుకున్నాడు. కూలి మ్యాచుకి రెండు సమోసాలు. కుర్రాడు నిజాయితీపరుడు. “అన్నా, ఇది నీ చెయ్యి తగల్లే, వాడే వదిలేసిండు” అంటాడు. ఆ గడి మీద గొడవ సాగుతుంది, మూడో సమోసాతో రాజీ కుదురుతుంది.

చిన్నోడి మీద కోపం కూడా పోయింది. దాని స్థానంలో యాజమాన్యం వచ్చింది. చిన్నోడు పద్దెనిమిది కొడితే అందులో పది తనవేనంటాడు. “ఆ కార్నర్ త్రీ చూసినవా? ఆ పొడుగోణ్ని నేను ఆపకపోతే వానికి ఖాళీ ఏడిది?” చిన్నోడు అవునన్నా అంటాడు. మాట తక్కువవాడు కాబట్టి చెల్లిపోతోంది. వచ్చే ఏడాది చిన్నోడికన్నా పొడుగు ఫస్టియర్ ఎవడైనా దిగితే ఈ అవునన్నా ఏమవుతుందో చూడాలి.

ఆట మాత్రం బాగుపడింది, అది ఒప్పుకోవాలి. ఈ ఏడాది ఇతను పట్టుకున్న ఏడో నంబర్లూ పదకొండో నంబర్లూ మ్యాచ్ మధ్యలో రిఫరీకి ఫిర్యాదు చేయడం మొదలుపెట్టారు. డిఫెన్స్ చేసేవాడికి అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ లేదు. ఇంటర్లో ఇరవై కొట్టిన రోజుల్లో ఇతను చూడ్డానికి బాగుండేవాడు. ఇప్పుడు ఆరు కొడుతూ ఆడటానికి బాగున్నాడు. నన్నడిగితే ఇప్పుడే మెరుగైన ఆటగాడు. ఆ మాట అతనితో అంటే మళ్లీ నిద్ర తగ్గుతుందని ఎవరూ అనడం లేదు.

కాలేజీ పోటీలు జరిగేటప్పుడు వీలుంటే ఒకసారి వెళ్లండి. టికెట్ ఉండదు, సిమెంటు మెట్ల మీద చోటు బోలెడుంటుంది. బంతి వెంట కాకుండా, బంతి లేకుండా పరిగెడుతున్న ఆ నీక్యాప్ కుర్రాడి వెంట ఒక పది నిమిషాలు చూపు తిప్పండి. మ్యాచ్ అయ్యాక పలకరించండి కూడా. నోటుబుక్ సంగతి మాత్రం ఎత్తకండి. ఎత్తితే మొదటి పేజీ నుంచి చదివి వినిపిస్తాడు, ఈసీఐఎల్ వెళ్లే ఆఖరి బస్సు తప్పిపోతుంది.