పేరు బొబ్బర్లది, మోత నాది

పీఎస్ఎల్‌వీ-సీ60 రాకెట్‌లో నాలుగో అంచెని నేను. ఉపగ్రహాన్ని కక్ష్యలో వదలడం, ఆ తర్వాత చెత్తగా తిరగడం: మా వాళ్ళ బతుకు చాలాకాలం ఇంతే. 2024 డిసెంబరు 30 రాత్రి 10 గంటలకు శ్రీహరికోటలో లేచి, స్పేడెక్స్ జంట ఉపగ్రహాల్ని 475 కిలోమీటర్ల ఎత్తున దించాను. అక్కడితో రుణం తీరిందనుకున్నాను. ఇస్రోవాళ్ళు తీరనివ్వలేదు. 350 కిలోమీటర్లకు దించారు, పేలకుండా మిగిలిన ఇంధనం బయటికి వదిలించారు. నా ఒంటికి ముందే బిగించిన 24 ప్రయోగాలకు కరెంటిచ్చి, పోయెమ్-4 అన్నారు. ప్రయోగశాలనైపోయాను.

అందరూ అడిగింది ఒక్క పెట్టె గురించే. క్రాప్స్ అనే ఆ పెట్టెలో ఎనిమిది బొబ్బరి గింజలున్నాయి. నాలుగు రోజుల్లో మొలకెత్తాయి, ఆ వెంటనే ఆకులేశాయి. పేపర్లన్నీ వాటి ఫొటోలే.

ఉద్దానం పల్లెల్లో ఏ అమ్మనడిగినా నవ్వుతుంది. రాత్రి నానేసి గుడ్డలో మూటకడితే మొలకలొస్తాయి కదా, దానికి రాకెట్టెందుకు? నిజమే. కానీ ఆ మూటలో నీళ్ళు కిందికి దిగుతాయి, వేడిగాలి పైకి పోతుంది, వేరుకి కింద ఏదో తెలుస్తుంది. నా దగ్గర కిందా లేదు, పైనా లేదు. నీటిబొట్టు ఎక్కడ అంటుకుంటే అక్కడే. బయట పీల్చేంత గాలీ లేదు. అందుకే పెట్టెకి మూత బిగించి, లోపల భూమ్మీద గాలిలాంటి గాలి నింపారు. గుల్లమట్టి గుళికలు పోశారు. నేల నుంచి ఆజ్ఞ వస్తేనే నీళ్ళు వదిలే వాల్వు పెట్టారు. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, తేమ, వేడి కొలిచే సెన్సర్లు, పైన కెమెరా.

ఇంత చేసినా నేను గిరగిరా తిరిగితే అంతా గోవిందా. ఒంటి చుట్టూ ఉన్న సౌరఫలకాలకు ఎండ తగలాలి, బ్యాటరీ నిండాలి, యాంటెన్నా భూమిని చూడాలి. సూర్యుణ్ణి పసిగట్టే సెన్సర్, అయస్కాంతక్షేత్రం కొలిచేది, గైరోలు, నావిక్ రిసీవర్ కలిసి నేనెటు వాలానో చెబితే, థ్రస్టర్లు కాస్త హీలియం చిమ్మి సరిచేస్తాయి. ప్రయోగశాల అంటే నా లెక్కలో ముందు ఇదే. దీని ఫొటో ఒక్కటీ ఎవరూ వేయలేదు.

 

మిగతా అద్దెదారుల్లో నాకిష్టమైంది తిరువనంతపురంలో తయారైన రోబో చేయి. గొంగళిపురుగులా ఒక కొస పట్టుకుని, రెండోది వదిలి నా ఒంటి మీదే నడిచింది. హైదరాబాదు టేక్‌మీ2స్పేస్ వాళ్ళ పెట్టె వేరే రకం: సమాచారాన్ని కిందికి మోయకుండా కక్ష్యలోనే కృత్రిమ మేధతో విడమరచాలని దాని ప్రయత్నం. పాలకూర కణాలున్న పెట్టె కూడా ఉండేది. బొబ్బర్ల ముందు దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

మార్చి 4కి వెయ్యి చుట్లు పూర్తయ్యాయి. 350 కిలోమీటర్ల ఎత్తులో కూడా పలచటి గాలి ఉంటుంది. అది రోజూ కొంచెం కిందికి లాగుతుంది. నన్ను అంత కిందికి దించిందీ అందుకే, ఏళ్ళ తరబడి ఇంకొకరి దారికి అడ్డం పడకుండా. 2025 ఏప్రిల్ 4 పొద్దున 8 గంటల 3 నిమిషాలకు హిందూ మహాసముద్రం మీద వాతావరణంలోకి దిగిపోయాను.