వాసెలిన్ పూసుకున్న అద్దం ఆత్మకథ

ఈ ఆత్మకథ కామారెడ్డిలోని ఒక ఫొటో స్టూడియో సొరుగులో వయసు మళ్లిన గాజు బిళ్లది. వ్యాసం 52 మిల్లీమీటర్లు, చుట్టూ నల్లటి అల్యూమినియం కట్టు. ఫొటోగ్రాఫర్లు దాన్ని యూవీ ఫిల్టర్ అంటారు. ‘నేను’ అనడం దానికి అలవాటు లేదు. అవతలి వాళ్లను చూపించడమే పుట్టినప్పటి నుంచి దాని పని. అందుకే సొంత బతుకును కూడా పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టు ‘అది’ అనే చెప్పుకొస్తుంది.

తొంభైల్లో అది నికాన్ ఎఫ్ఎం2 కెమెరాకు, 50 మిల్లీమీటర్ల లెన్సు ముందు బిగుసుకుని ఉండేది. దుమ్మూ గీతలూ లెన్సుకు తగలకుండా తాను కాచుకోవడమే కొలువు. మాఘమాసం వచ్చిందంటే ఇంకో పని కూడా పడేది. పెళ్లికూతురిని కుర్చీలో కూర్చోబెట్టి, లైట్లు సర్ది, స్టూడియో యజమాని వాసెలిన్ డబ్బా మూత తీసేవాడు. చిటికెన వేలి కొసకు మినపగింజంత అంటించుకుని ఫిల్టర్ అంచున పెట్టేవాడు. మధ్యలో రూపాయి బిళ్లంత చోటు వదిలేసి, చుట్టూ వేలు గుండ్రంగా తిప్పేవాడు. గాజు మీద వేలిముద్ర గీతలు సన్నటి చాళ్లలా పడేవి. కెమెరాలోంచి చూస్తే కళ్లు స్పష్టంగా ఉండేవి, మల్లెచెండూ పాపిటబిళ్లా మాత్రం వెలుగులో నానినట్టు కనిపించేవి. ఒకసారి బొటనవేలితో మందంగా పూసేసరికి 36 ఫొటోల రీలు మొత్తం పాడైంది. ఆ రోజు నుంచి స్టూడియోలో చిటికెన వేలే వాడాలన్నది చట్టమైంది.

ఫోకస్ తప్పడం వేరు, సాఫ్ట్ ఫోకస్ వేరు. చాలామంది రెండూ ఒకటేననుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఈ ఫిల్టర్‌కు మనసు నొచ్చుకుంటుంది. ఫోకస్ తప్పిన బొమ్మలో గీతన్నదే ఉండదు. సాఫ్ట్ ఫోకస్‌లో గీత ఉన్నచోటే ఉంటుంది. దాని మీద వెలుగు పలచగా పొంగి, పక్కనున్న నీడలోకి ఒలుకుతుంది. మధ్యలోని శుభ్రమైన గాజు గీతను నిలబెడితే, అంచునున్న జిడ్డు వెలుగును చెదరగొడుతుంది. ఒకే ఫొటోలో ఈ రెండూ కలిసి ఉండాలి.

దాని వంశం పెద్దదే. 1815లో కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ ఇంగ్లండులో మసక మసక ముఖచిత్రాలు తీసి, ఫొటో తీయడం రాదని విమర్శకుల చేత మాటలు పడింది. 1889లో పీటర్ హెన్రీ ఎమర్సన్ తన పుస్తకంలో, మనిషి కన్ను కూడా అన్నింటినీ ఒకే పదునుతో చూడదని వాదించాడు. ఆ తర్వాత అమెరికాలోని బోస్టన్‌లో పింకమ్ అండ్ స్మిత్ అనే సంస్థ, మామూలు లెన్సుల్లో దోషంగా లెక్కపెట్టి సరిదిద్దే గోళీయ దోషాన్ని కావాలని మిగిల్చి లెన్సులు చేసింది. జర్మనీ నుంచి ఇమాగాన్ అనే సాఫ్ట్ ఫోకస్ లెన్సు వచ్చింది. 1932లో ఆన్సెల్ ఆడమ్స్, ఆయన స్నేహితులు ‘ఎఫ్/64’ బృందంగా కూడి ఈ మసకనంతా తోసిపుచ్చారు. రాయి రాయిలా, ఆకు ఆకులా కనబడాలన్నారు. వాళ్లది తప్పని ఈ ఫిల్టర్ అనదు. మన హైదరాబాదులో ఆరో నిజాం కొలువు ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ వేట శిబిరాలను, కోటలను గాజు పలకల మీద పట్టినప్పుడు ఆ పదునే కావలసి వచ్చింది. నూరేళ్లు దాటాక కూడా రాతి అతుకు ఎక్కడుందో ఆ బొమ్మల్లో చూడొచ్చు.

డిజిటల్ కెమెరాలు రాగానే ఫిల్టర్ సొరుగులోకి వెళ్లింది. ముఖం నునుపు చేయడానికి కంప్యూటర్ చాలన్నారు. చాలా ఏళ్లు అక్కడే, తుప్పుపట్టిన స్క్రూడ్రైవర్ పక్కన పడుకుంది. ఒక జనవరి తెల్లవారుజామున యజమాని కొడుకు సొరుగు లాగాడు. “బాపూ, ఇది తీస్కపోతున్నా” అని ఒక్క మాట. మోటారుబండి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి, అక్కడి నుంచి నాగిరెడ్డిపేట దాటి పోచారం కట్ట దగ్గర ఆగింది.

కామారెడ్డి, మెదక్ జిల్లాల మధ్య పరుచుకున్న పోచారం అడవి ఒకప్పుడు నిజాముల వేట మైదానం. 1952లో అభయారణ్యమైంది, విస్తీర్ణం దాదాపు 130 చదరపు కిలోమీటర్లు. పక్కనే ఉన్న జలాశయం 1922లో పూర్తయింది. 2025 ఆగస్టు చివర్లో ఈ రెండు జిల్లాలనూ ముంచెత్తిన వరదకు కూడా ఆ పాత కట్ట తట్టుకుని నిలిచింది. ఆ నీళ్ల మీద చలికాలం పొద్దున్నే లేచే మంచు అడవి అంచుదాకా పాకుతుంది. సాఫ్ట్ ఫోకస్‌కు సగం పని ఆ మంచే చేసిపెడుతుంది.

తొవ్వకు రెండు వైపులా టేకు చెట్లు. కింద చాటంత ఆకులు ఎండి, అడుగు వేస్తే అప్పడంలా విరుగుతున్నాయి. ఎదురెండ చెట్ల సందుల్లోంచి వస్తోంది. కుర్రవాడు మొదట వేలిని పైనుంచి కిందికి లాగి పూశాడు. ఫొటోలో టేకు మొద్దుల అంచులన్నీ వెలుగు మింగేసింది. జిడ్డు చాళ్లు ఎటు పడితే వెలుగు దానికి అడ్డంగా చెదురుతుంది. నిలువు చాళ్లు వెలుగును పక్కలకు తోస్తాయి. ఈ లెక్క అతనికి అప్పుడే తెలిసింది. ఫిల్టర్ తుడిచి, ఈసారి వేలిని ఎడమ నుంచి కుడికి లాగాడు. వెలుగు మొద్దుల వెంట పైకీ కిందికీ జారింది. చెట్లు నిలబడ్డాయి, గాలి మాత్రం పాలు కలిపినట్టయింది. పెళ్లిఫొటోల కాలంలో గుండ్రంగా తిరిగిన వేలు అడవిలో అడ్డంగా తిరగడం నేర్చుకుంది.

కట్ట దగ్గర చేపలు కడుగుతున్న ఒక పెద్దమ్మ కెమెరా తెర మీదికి వంగి చూసింది. “మంచు వడ్డప్పుడు పొద్దుగాల తొవ్వ గిట్లనే కనవడ్తది బిడ్డా” అంది. రోజూ ఆ తొవ్వ నడిచే మనిషి ఇచ్చిన ఈ తీర్పు ఫిల్టర్‌కు ఎమర్సన్ పుస్తకం కన్నా ఎక్కువ.

తర్వాత కుర్రవాడూ ఫిల్టరూ ఏడాది పొడుగునా అక్కడికి వచ్చిపోయారు. బతుకమ్మ రోజుల్లో తొవ్వ పక్కన గునుగుపూలు దొరికాయి. ఎండకు ఎదురుగా పెడితే వెండి వత్తుల్లా వెలిగే ఆ కంకుల చుట్టూ ఫిల్టర్ ఇంకో వెలుగు వలయం కట్టింది. తంగేడు పసుపు ఆకుల్లోకి కారింది. ఫాల్గుణంలో ఆకులన్నీ రాలిన మోదుగు కొమ్మల మీద పూలు నిప్పుకణికల్లా ఉంటే, ఆ ఎరుపు ఆకాశానికి కూడా అంటింది. తునికాకు కోసే వేసవిలో మాత్రం అది ఓడిపోయింది. నడినెత్తి ఎండలో నీడా వెలుగూ కత్తితో కోసినట్టుంటాయి. వాటిని మెత్తబరిస్తే బొమ్మ వెలిసిపోయిన చీరలా తయారైంది. మబ్బు పట్టిన రోజు కూడా అంతే. ఒలకడానికి వెలుగే లేనప్పుడు జిడ్డు ఏం చేస్తుంది?

ఇంకొక హద్దు కూడా ఉంది. ఒక పొద్దున నీలుగాయి తొవ్వ దాటింది. కుర్రవాడు చప్పున ఫిల్టర్ విప్పి జేబులో వేసుకున్నాడు. మంచిపని చేశాడు. ఏ జంతువో, ఎక్కడ గాయముందో, పిల్ల వెంట ఉందో లేదో ఫొటో చెప్పాలి. ఆనవాలు కావలసిన చోట మసక పనికిరాదు.

ఫోన్‌లో ఒక్క మీట నొక్కితే ఈ మెరుపు వస్తుంది కదా అనేవాళ్లున్నారు. వస్తుంది, కానీ తేడా ఉంది. ఆకుల సందులో సూర్యుడి చుక్క సెన్సర్ మీద తెల్లటి మచ్చగా పడి ఆగిపోతే, ఆ మచ్చ అసలు ఎంత వెలిగిందో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. ఉన్న తెలుపునే పులుముతుంది. గాజు అలా కాదు. సెన్సర్‌కు చేరకముందే ఆ చుక్క అసలు బలంలో కొంత చుట్టూ పంచుతుంది. ఎదురెండలో ఒకే చోట రెండు రకాలుగానూ తీసి పక్కపక్కన పెట్టుకుంటే ఎవరికైనా తెలిసిపోతుంది.

పోచారం తొవ్వలో ఇలాంటి ఫొటోలు తీయాలనుకునేవారికి ఆ ఫిల్టర్ తరఫున నాలుగు మాటలు. వాసెలిన్‌ను లెన్సుకు ఎన్నడూ పూయకండి, పారేసినా బాధలేని యూవీ ఫిల్టర్‌కే పూయండి. ఎలుగుబంటి, చిరుత తిరిగే అడవి అది. అటవీ శాఖ అనుమతి తీసుకుని, తోడుతోనే నడవండి. ఒక చిన్న డబ్బా వెంట ఉంచుకోండి. జిడ్డు తుడిచిన కాగితాలు, గుడ్డపీలికలు ఒక్కటి కూడా టేకు ఆకుల మీద వదలకుండా అందులో వేసుకుని ఇంటికి తెచ్చేయండి.