నేను కూలి బెంజిని

బెంజి అనగానే మీకు మెత్తటి సీట్లు, నల్లద్దాలు, వెనక కూర్చున్న పెద్దమనిషి గుర్తొస్తారు. మా వంశంలో అలాంటి వాళ్లు ఉన్నమాట నిజమే. నేను మాత్రం తొర్రూరు అంగట్లో సరుకు కోసం ఎండలో నిలబడ్డ బెంజిని. లారీని. కేసముద్రం, మానుకోట మీదుగా పోయే రైలు పట్టాలు మా ఊరిని తాకలేదు. మొదట్లో వడ్లు, పల్లికాయ, మిర్చి, తర్వాత పత్తి బోరాలు, ఏవి వరంగల్‌కో ఖమ్మానికో చేరాలన్నా నాలాంటి వాళ్ల వీపు మీదే. అందుకే చుట్టాల కార్లను చూసి నాకెన్నడూ చిన్నతనం అనిపించలేదు.

మా మూలపురుషుడు కార్ల్ బెంజ్. 1883లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో ఇద్దరు భాగస్వాములతో కంపెనీ పెట్టాడు. కడుపు నింపింది గ్యాస్ ఇంజన్లు. ఆ డబ్బు మీదే ఆయన బండి పిచ్చి సాగింది. 1886 జనవరి 29న మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు అడిగాడు. దాని బలం ముప్పాతిక హార్స్‌పవర్, ఒక గుర్రం పాటి కూడా కాదు. జనం వింతగా చూశారే తప్ప కొనలేదు.

ఆయన మంచి పనివాడు గానీ సరుకు అమ్మే నేర్పు లేనివాడు. ఆ కొరత తీర్చింది భార్య బెర్తా. పెళ్లికి ముందే తన కట్నం సొమ్ము తెచ్చి ఆయన షెడ్డులో పెట్టిన మనిషి. 1888 ఆగస్టులో భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులనూ వెంటబెట్టుకుని, పుట్టింటికి బండి తీసింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. వరంగల్ నుంచి తొర్రూరు మీదుగా ఖమ్మం పోయినంత, కాస్త తక్కువ. ఇంధనం అయిపోతే వీస్‌లోఖ్ ఊళ్లో మందుల దుకాణంలో కొన్నది. పైపు మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. వైరు ఒరుసుకుపోతే మేజోడు పట్టీ చుట్టింది. బ్రేకు చెక్కలు అరిగితే చెప్పులు కుట్టే అతనితో తోలు కొట్టించింది. ఎత్తు వస్తే పిల్లలు దిగి నెట్టారు. మా వంశంలో మొదటి దూరప్రయాణం డ్రైవరు, మొదటి రోడ్డు మెకానిక్కు, మొదటి క్లీనర్లు ఆ తల్లీబిడ్డలే అని నా లెక్క. కొండ ఎక్కడానికి ఇంకో గేరు కావాలన్న సంగతి బెంజ్‌కు తెలిసిందీ ఆ ప్రయాణం తర్వాతే.

జర్మనీలోనే కాన్‌స్టాట్‌లో గాట్లీబ్ డైమ్లర్ అనే ఇంకొకాయన అదే 1886లో నాలుగు చక్రాల బండి చేశాడు. ప్రపంచంలో మొదటి మోటారు లారీ కూడా 1896లో డైమ్లర్ కంపెనీలోంచే వచ్చింది. 1923లో బెంజ్ వాళ్లు లారీకి డీజిల్ ఇంజన్ బిగించారు. నాకు సొంత తాత అదే. 1926లో రెండు కంపెనీలూ ఒకటయ్యాయి. తర్వాత హిట్లర్ యుద్ధకాలంలో ఆ ఫ్యాక్టరీల్లో బందీలతో వెట్టి చేయించారు. వెట్టి అంటే ఏమిటో మా తెలంగాణకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వంశం గొప్పలు చెప్పుకునేటప్పుడు ఇది దాటెయ్యడం నాకు చేతకాదు.

నా పుట్టుక జంషెడ్‌పూర్‌లో. అక్కడి టాటా వారి టెల్కో 1945లో రైలింజన్లు చేయడానికి పుట్టిన కంపెనీ. 1954లో డైమ్లర్-బెంజ్‌తో పదిహేనేళ్ల ఒప్పందం చేసుకుని లారీలు మొదలుపెట్టింది. రైలింజన్ల కంపెనీ, రైలు లేని ఊరికి నన్నిచ్చింది చూడండి! ముందు భాగం మీద మూడు కొమ్మల నక్షత్రం పెట్టుకుని వచ్చాను. వెనక తొట్టి మాత్రం ఇక్కడి వడ్రంగులు కట్టిందే.

నాలో స్పార్కు ప్లగ్గు లేదు. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది, అందులోకి డీజిల్ చిమ్మితే అదే అంటుకుంటుంది. బలమంతా అందులోనే, బలహీనతా అందులోనే. డీజిల్ పైపులో ఎయిర్ పట్టిందంటే కదలను. వర్ధన్నపేట దారిలో ఎన్ని రాత్రులు అలా ఆగిపోయానో! తొర్రూరు నుంచి మేస్త్రీ సైకిల్ మీద వచ్చేవాడు. బోల్టు వదులు చేసి, చేతి పంపు కొడుతూ, నురుగు పోయి నికార్సయిన డీజిల్ కారేదాకా చూసేవాడు. చదువు లేదు, జర్మన్ పుస్తకం చూడలేదు. చప్పుడు విని ఏ సిలిండర్ మొరాయిస్తోందో చెప్పేవాడు. దొరకని సామాను పాత ఇనుములోంచి తయారుచేసి బిగించేవాడు. ఇంజనీర్లు నన్ను ఒక్కసారే చేశారు. ఇలాంటి మేస్త్రీలు ఏటేటా మళ్లీ చేశారు.

1969లో ఒప్పందం ముగిసింది. మా తర్వాత పుట్టిన లారీల మీద నక్షత్రం బదులు టాటా గుర్తు వచ్చింది. మోసే బరువు మాత్రం తగ్గలేదు.

బెర్తా నడిపిన దారికి 2008లో ఆమె పేరు పెట్టారు. ఆమె పోయి అప్పటికి అరవై ఏళ్లు దాటింది. నన్ను నడిపించిన మేస్త్రీల పేరు ఏ రోడ్డుకూ లేదు, చాలామంది షెడ్లకు బోర్డు కూడా లేదు. మీ ఊళ్లో పాత డీజిల్ మేస్త్రీ ఎవరైనా మిగిలి ఉంటే, ఆయన మాట్లాడగలిగినప్పుడే పోయి కూర్చోండి, ఆయన పని రాసి పెట్టుకోండి.