పులి లేచేదాకా

కొత్త ఊరిలో దిగిన మనిషి సాధారణంగా గుడి ఎక్కడని గానీ, మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందని గానీ విచారిస్తాడు. ఊరూరా జంతుప్రదర్శనశాలలు తిరిగి వాటిని వీడియో తీయడమే వ్యాసంగంగా పెట్టుకున్న వ్యక్తి మాత్రం ఆ ఊరి జూకు వారపు సెలవు ఏ రోజని విచారిస్తాడు. హైదరాబాదు, విశాఖపట్నం జూలకు సోమవారం, మైసూరు, వండలూరు జూలకు మంగళవారం, కలకత్తా ఆలీపూర్ జూకు గురువారం సెలవని అతనికి కంఠతా వచ్చు. తన పెళ్లిరోజు మాత్రం ఏటా భార్యే గుర్తుచేయవలసి వస్తుంది. విశాఖలో బంధువుల ఇంట ముహూర్తం సోమవారం పడిందని తెలియగానే అతడు పంచాంగకర్తను మనసారా అభినందిస్తాడు, ఎందుకంటే ముందురోజైన ఆదివారమంతా కంబాలకొండ అడవి అంచున 1977లో ప్రారంభమైన ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాలకు అంకితమిచ్చే వీలు కలుగుతుంది. ఫలితంగా ఆ పెళ్లి ఆల్బంలోని ముందురోజు ఫొటోలలో అతడు కనిపించడు, అతని మెమరీ కార్డులో పెళ్లికూతురు కనిపించదు.

ఈ వ్యాసంగానికి ఒక స్థలపురాణం ఉంది, అడిగినవారికీ అడగనివారికీ కూడా అతడు దానిని వినిపిస్తాడు. యూట్యూబులో మొట్టమొదట చేరిన వీడియో 2005 ఏప్రిల్ 23న ఎక్కించినది. అమెరికాలోని శాన్‌డియేగో జూలో ఏనుగుల ముందు నిలబడి, ఆ సంస్థ స్థాపకులలో ఒకడైన జావేద్ కరీం మాట్లాడిన 19 సెకండ్ల ముక్క అది. ఏనుగులకు తొండాలు బాగా పొడవుగా ఉంటాయన్నదే అందులోని సారాంశం. ఇంతకన్నా గంభీరమైన పరిశోధనాంశాలు తన దగ్గర వందల గంటల నిడివిలో ఉన్నప్పటికీ లోకం గుర్తించలేదన్నది అతని జీవితంలోని ప్రధాన విషాదం.

జూలను అతడు జంతువులనుబట్టి గాక అడ్డంకులనుబట్టి వర్గీకరిస్తాడు. ఇనుప వల, గాజు పలక, కందకం అని ఆ అడ్డంకులు మూడు విధాలు. వల ఉన్నచోట లెన్సును తీగలకు దాదాపు ఆనించి, కెమెరాలోకి వెలుతురు వచ్చే రంధ్రాన్ని పూర్తిగా తెరిచి, వెనుక దూరంగా ఉన్న జంతువు మీద దృష్టి నిలిపితే, దగ్గరి తీగలు మసకబారి తెరమీద కరిగిపోతాయి. ఈ కిటుకు తెలిసిననాడు అతనికి కలిగిన ఆనందం పెద్దకొడుకు పుట్టిననాడు కలిగినదానికి తీసిపోదు. గాజు పలకతో చిక్కేమిటంటే, అందులో పులికన్నా పులిని చూడవచ్చినవారే స్పష్టంగా కనబడతారు. అందుచేత అతని చిరుతపులి వీడియోలలో చిరుత పొట్టమీద ఒక పాప ఐస్‌క్రీము తింటూ ఉంటుంది. కందకం అనగా చూపరికీ జంతువుకూ మధ్య ఊచలు లేకుండా, కంటికి ఆనని లోతైన గొయ్యితో కట్టిన ఏర్పాటు; 1907లో జర్మనీలోని హాంబర్గ్ వద్ద ఈ పద్ధతిని చేపట్టి ప్రసిద్ధికెక్కించిన కార్ల్ హాగెన్‌బెక్‌కు అతడు మనసులో ఒక చిన్న గుడి కట్టించాడు. ఇక నిశాచర గృహం, అనగా రాత్రి తిరిగే జంతువులు సందర్శకుల వేళకు మెలకువగా ఉండేటట్లు పగలు చీకటి చేసి, రాత్రి దీపాలు వెలిగించే భవనం, అతని ప్రజ్ఞకు అసలైన పరీక్ష. ఆ పరీక్షలో నెగ్గాననడానికి అతడు చూపే సాక్ష్యం ఎనిమిది నిమిషాల కటికచీకటి. అందులో దేవాంగపిల్లి ఉన్నదని అతని మాటమీదనే నమ్మాలి.

అయితే ఊచలూ గాజులూ పెట్టే బాధకన్నా నిద్ర పెట్టే బాధ పెద్దది. సింహం రోజులో 20 గంటల దాకా పడుకోగల జీవి కావడంవల్లా, పులి మధ్యాహ్నపు ఎండలో లేవడం తన హోదాకు తగదనుకోవడంవల్లా, అతని సంగ్రహంలో సింహభాగం వీపులే. తిరుపతిలో ఈ సంగతి అతనికి మరీ బాగా తెలిసివస్తుంది: కొండమీద స్వామి ఎదురుగానే ఉన్నా 'జరగండి జరగండి' అంటూ రెప్పపాటులో నెట్టివేస్తారు, కొండకింద వేంకటేశ్వర జూలో ఎంతసేపు నిలబడినా నెట్టేవారుండరు గాని, అక్కడి దైవం అటు తిరిగి పడుకుని ఉంటుంది. అయినా అతడు ట్రైపాడు దించడు. అటుగా వచ్చిన కుటుంబాలు ఒక్క నిమిషం చూసి, 'ఇది బొమ్మేమో' అని తేల్చి వెళ్లిపోతుంటే, తోక కొన కదలిన క్షణానికి సాక్షిగా మిగిలేది అతడొక్కడే.

ఒకవేళ జంతువు కదిలినా చిక్కు తీరదు. ఎలుగుబంటి కంచె వెంట ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఒకే బాటలో తిరుగుతుంటే, ఇన్నాళ్లకు మంచి దృశ్యం చిక్కిందని అతడు ఇరవై నిమిషాలు పొంగిపోతూ తీస్తాడు. 'అది ఆట కాదు సార్, దానికి పొద్దుపోవడం లేదు' అని కీపరు నెమ్మదిగా చెబుతాడు. జంతుశాస్త్రంలో దీనిని స్టీరియోటైపీ అంటారు. బందీగా ఉన్న ప్రాణి తోచక, ప్రయోజనం లేని చేష్టను మళ్లీ మళ్లీ చేయడమని అర్థం. ఆ మాట విన్న వెంటనే అతడు కెమెరా ఆపి, బాధగా నిట్టూర్చి, అదే జంతువును మరో కోణంనుంచి తీయడానికి అదే కంచె వెంట అయిదోసారి నడుస్తాడు.

ఇంట్లో దెప్పినప్పుడు అతడు తీసే బ్రహ్మాస్త్రం ఒకటుంది. టాస్మేనియాలోని హోబార్ట్ జూలో 1933లో డేవిడ్ ఫ్లే అనే ప్రకృతివేత్త, వీపున పులిచారలతో కుక్కను పోలి, కడుపుసంచిలో పిల్లలను పెంచే థైలసీన్ అనే జంతువును చలనచిత్రంగా తీశాడు. తీస్తుండగా అది అతని పిరుదును కరిచిందని చెబుతారు. ఆ జాతిలో తెలిసినంతవరకు చివరి ప్రాణి 1936 సెప్టెంబరు 7న అదే జూలో చనిపోయింది. ఇప్పుడు లోకం కళ్లకద్దుకుంటున్న ఆ చిత్రంలో ఆ జంతువు చేసే ఘనకార్యాలు అటూ ఇటూ తిరగడం, నోరంతా తెరిచి ఆవులించడం. కనుక ఏ ఆవులింత ఎప్పటికి చరిత్ర అవుతుందో ఎవరూ చెప్పలేరన్నది అతని సిద్ధాంతం, దానిని కాదనడం కూడా కష్టమే.

ఆదివారం రాత్రి భోజనాలయ్యాక అతడు ఆ వారపు పంటను టీవీకి తగిలించి ఇంటిల్లిపాదినీ కూర్చోబెడతాడు. నలభయ్యో నిమిషాన పులి కళ్లు తెరిచి, నాలుక మడిచి, కోరలన్నీ కనబడేలా ఆవులిస్తుంది. అతడు గర్వంగా వెనుదిరిగి చూసేసరికి భార్య, ఇద్దరు పిల్లలు, అత్తగారు వరసగా అదే చేస్తుంటారు. ఆ దృశ్యాన్ని తీయడానికి మాత్రం కెమెరా ఖాళీగా ఉండదు, టీవీకి తగిలించి ఉంటుంది.