నీరు పారని చోట నగదు ప్రవాహం

రైతుకు వ్యాపార ప్రణాళిక గీయడం నేర్పితే దరిద్రం తీరుతుందన్నది ఈ కాలపు వ్రతకథ. 1990 తర్వాత తూర్పు యూరప్‌లో సమష్టి క్షేత్రాలు ముక్కలైనప్పుడు ఈ చదువు చెప్పారు. పైవాళ్లు ఏం పండించమంటే అదే పండించినవాళ్లకు సంత కొత్త గనుక, అక్కడ దానికి అర్థముంది. కర్ణాటకలోని పావగడ తాలూకా శెనక్కాయ రైతుకు సంత ఎప్పుడు కొత్త? తరుగు, కమీషను, వడ్డీ పోను చేతికెంతొస్తుందో బస్తా బండికెక్కకముందే నోటిలెక్కన చెప్పగలవాడాయన. అలాంటివాణ్ణి కూర్చోబెట్టి బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు అని నాలుగు గళ్లు గీయిస్తే, వానను ఏ గడిలో వేసుకోవాలి?

పోనీ, ధరల అంచనా వేద్దాం. శెనక్కాయ ధర దిగుమతి నూనెల ధరను బట్టి ఆడుతుంది. 1994లో పామోలిన్ దిగుమతికి 65 శాతం సుంకంతో తలుపు తెరిచారు. 1998కల్లా సుంకం 15 శాతానికి దిగింది. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై మూల సుంకం సున్నా నుంచి 20 శాతానికి ఎగిరింది. 2025 మే నెలాఖరున, సరిగ్గా ముంగారు విత్తనానికి ముందు, పదికి జారింది. ఢిల్లీకే నిలకడ లేని ధరకు రైతు అయిదేళ్ల పట్టిక వేయాలట! లెక్క రాసుకుంటే తప్పేమిటంటారా? తప్పేం లేదు, జమాఖర్చు తప్పక నేర్పండి. ఇంటి ఆడవాళ్ల చాకిరీనీ అందులో రాయించండి. కానీ జమాఖర్చు జరిగినదాన్ని చూపిస్తుంది. ప్రణాళిక మాత్రం తన చేతిలో లేనిదానికి రైతుచేత పూచీ రాయిస్తుంది. పంట పోయిన నాడు ‘ప్రణాళిక లోపం’ అని నెపం ఆయన మీదికే నెట్టడానికి వీలుగా.

అంచనా తప్పని నగదు ప్రవాహం ఈ తాలూకాలో ఒకటి లేకపోలేదు. తిరుమణి చుట్టూ అయిదు ఊళ్లలో, సుమారు 13,000 ఎకరాల్లో, 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. ఎకరాకు ఏడాదికి మొదట 21,000 రూపాయల కౌలు, ఆపై రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. వానతో పనిలేదు, పురుగు పట్టదు, ఎండే పంట. ఇంతకన్నా చక్కని సేద్య ప్రణాళికను ఏ శిక్షకుడూ గీయలేడు. అందులో లేనిదల్లా సేద్యమే. భూమి ఉన్నవాడికి కౌలొస్తుంది. ఆ చేలల్లో కలుపు తీసి బతికిన ఆడకూలీకి కౌలూ లేదు, కలుపూ లేదు. ఆమెకు ఈ శిక్షణైనా దక్కదు. గళ్లు గీయాలన్నా ముందు పహణీలో పేరుండాలి.