ముగ్గురెక్కిన బండి

ఇంటర్ కుర్రాడికి నాన్న బండి తాళం ఇచ్చాడు. వీధి మలుపు తిరిగేలోగా వెనక ఇద్దరు ఫ్రెండ్సు ఎక్కారు.

వెనక ఒక్కరినే ఎక్కించుకోవాలంటుంది మోటారు వాహనాల చట్టం 128వ సెక్షను. రాసినవాళ్లకు ఫ్రెండ్సు తక్కువేమో!

నడిపేది ఒకడు. ఎంత స్పీడో చెప్పేది ఇంకొకడు. మూడోవాడికి సగం సీటే దక్కింది గానీ పని మాత్రం నిండా ఉంది. కెమెరా కనిపించినప్పుడల్లా వెనక్కి వంగి నంబరు ప్లేటును అరచేత్తో మూయాలి. ఆ శ్రద్ధ పుస్తకం మీద పెడితేనా... సర్లెండి, పుస్తకం ఫ్రెండ్సెవరూ తెరవలేదు.

హెల్మెట్టు ఉందండోయ్. అద్దానికి వేలాడుతోంది. పెట్టుకుంటే కటింగు చెడుతుంది. ఆ కటింగూ ఫ్రెండు చేయించుకున్నాడనే.

ఇంట్లో అడిగితే ఒకటే జవాబు: ‘అందరూ పోతున్నారు నాన్నా!’

నాన్న కూడా పోవాల్సి రావచ్చు, జైలుకు. మైనరు బండి నడిపి నేరం చేస్తే, 199ఎ సెక్షను కింద సంరక్షకుడికో బండి యజమానికో 3 ఏళ్ల వరకు జైలు, రూ.25 వేల జరిమానా. కుర్రాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు.

‘పోనీరా మామా’ అన్న ఫ్రెండు ఊసు ఆ సెక్షనులో ఎక్కడా లేదు.