పూర్ణమొద్దు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: సంక్రాంతి మధ్యాహ్నం, అమ్మమ్మగారి ఇల్లు. అరిటాకుల్లో ముద్దపప్పు, గోంగూర పచ్చడి, వంకాయ కూర, గుమ్మడికాయ పులుసు, పులిహోర, బూరెలు వడ్డించారు. పట్నం నుంచి వచ్చిన ఐదేళ్ల మనవడు ఆకును ఒకసారి కలయజూసి యిట్లనియె:

ఆ. పప్పు వద్దు నాకు పచ్చడి యొల్లను
కూరలోని ముక్క కోర నేను
అప్పడమ్ము చాలు అమ్మమ్మ పెట్టవే
బూరె తోలు మేలు పూర్ణమొద్దు

ప్రతిపదార్థం: పప్పు = నెయ్యి వేసి కలిపి, నోటిదాకా తెచ్చిన కందిపప్పు ముద్ద; వద్దు నాకు = అక్కరలేదు; పచ్చడి = గోంగూరైనా దోసకాయైనా పేరు వినకముందే తోసిపుచ్చదగినది; ఒల్లను = పెదవులు బిగించి తల అడ్డంగా ఊపెదను; కూరలోని ముక్క = ఎంత చిన్నగా తరిగినా కంటబడే వంకాయ; కోర = ఏరి ఆకు అంచున పెట్టెదను; అప్పడమ్ము చాలు = నాలుగు అప్పడాలు సరిపోవును; అమ్మమ్మ = కాదనడం తెలియని ఓ తల్లీ; పెట్టవే = అమ్మ ఇటు తిరిగేలోగా వడ్డించుము; బూరె తోలు = పైన వేగిన పొర; మేలు = ఇష్టము; పూర్ణము = బెల్లం, యాలకులు వేసిన శనగపప్పు ముద్ద; ఒద్దు = నాన్న తినును.

తాత్పర్యం: పండుగ వంటలో రెండు రోజులు కష్టపడి చేసినవన్నీ వద్దు. రెండు నిమిషాల్లో వేయించినది కావాలి.

ఛందస్సు: ఆటవెలది. ఆట మీద ధ్యాస గల కవికి తగినదే. నాలుగు పాదాల్లోనూ యతి చెల్లింది, ముద్ద మాత్రం చెల్లలేదు.

వ్యాకరణం: ‘చాలు’, ‘అమ్మమ్మ’ అనే చోట ఉత్వసంధి జరిగి తీరాలి. జరగలేదు. కవికీ అమ్మమ్మకూ నడుమ సంధి కుదరని సమయమది గనుక ఈ విసంధి దోషం కాదు, ఔచిత్యం.

పాఠాంతరం: చివరి పాదాన్ని తాతయ్య ‘పూర్ణ మొద్దు’ అని విడగొట్టి కవికే అన్వయించారు. ఈ పాఠాన్ని అమ్మమ్మ ఒప్పుకోలేదు.

ఆక్షేపణ: పప్పు వద్దన్నవాడు అప్పడం ఎలా అడిగాడు? అప్పడం మినపపిండిది కదా. బూరె తోలులోనూ మినప్పప్పు ఉందే! ఇది స్వవచన వ్యాఘాతం కాదా?

సమాధానం: కాదు. నిషేధం మెత్తనిదానికే, కరకరలాడేదానికి కాదు. పూర్ణం తీపిదైనా మెత్తన గనుక వర్జ్యం. కవికి పేచీ రుచితో కాదు, స్పర్శతో.

అలంకారం: ఉపమ. పక్క ఆకు ముందు కూర్చున్న మేనమామ కూతురు, నాలుగేళ్లది, ఆవకాయ నంజుకుని, కళ్లూ ముక్కూ కారుతున్నా ‘ఇంకొంచెం’ అంటోంది. ‘చూడు, నీకంటే చిన్నది ఎలా తింటోందో’ అని అమ్మ ఉపమించింది. దీనివల్ల ఉపమేయం మరింత బిగుసుకుంది.

విశేషాలు: కొత్త తిండిని చూసి వెనక్కి తగ్గడం రెండు నుంచి ఆరేళ్ల మధ్య పిల్లల్లో మామూలే. 1982లో అమెరికాలో లియాన్ బర్చ్, సహపరిశోధకురాలితో కలిసి, రెండేళ్ల పిల్లలకు తెలియని చీజులూ పండ్లూ 2 నుంచి 20 సార్లదాకా రుచి చూపించారు. ఎక్కువసార్లు రుచి చూసినదాన్నే పిల్లలు ఎక్కువ ఇష్టపడ్డారు. 2006లో బర్చ్ పాల్గొన్న మరో అధ్యయనంలో, ‘సూపు తాగెయ్’ అని వెంటపడినప్పటికంటే, ఏమీ అనకుండా వదిలేసినప్పుడే పిల్లలు ఎక్కువ తాగారు. సంక్రాంతికొకసారి కనబడే గుమ్మడికాయ పులుసుకు ఇరవై పరిచయాలు కావాలంటే కవికి పాతికేళ్లు వస్తాయి. అందుచేత పండుగ ఆకు పరీక్ష పెట్టే చోటు కాదు.

ఇక మేనమామ కూతురి రహస్యం: ఆవకాయ ఆమెకు ఎవరూ వడ్డించలేదు. ‘కారం, నీకొద్దు’ అన్నారు. ఆమె తల్లి ఆకులోంచి తీసుకుంది. ‘వద్దు’ అన్న మాట పిల్లలంటే పస్తు, పెద్దలంటే విందు.

వినియోగం: కాబట్టి ఆకులో ఉసిరికాయంత పప్పు వేసి, మాట్లాడకుండా పక్క పంక్తికి సాగిపోవడమే వడ్డించేవారి ధర్మమని వ్యాఖ్యాత మతం. అమ్మమ్మ దీన్ని పూర్వపక్షం చేసి, గిన్నెలో పప్పన్నం కలుపుకుని, చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తిన కవి వెంట వీధిలోకి బయల్దేరింది. ఆ కథ ద్వితీయాశ్వాసం.